నీడ మీద అభ్యంతరం

నీడ పడుతుందనే కదా రాసింది, అందులో అబద్ధమేముంది, అనుకుంటూ అతను కుర్చీలో మరోసారి సర్దుకున్నాడు. ఒక స్థలంలో ఒకే ఇల్లుండాలన్న పాత నిబంధన ఎత్తేసి, తక్కువ అద్దె ఇళ్లు నాలుగంతస్తులు కట్టుకోనివ్వాలని ప్రభుత్వం తలపెట్టింది. దాని మీద ఇవాళ వీధివాళ్ల అభిప్రాయం వింటున్నారు. వీధివాళ్లంటే సొంతిల్లున్నవాళ్లు. ఒక్కో కుర్చీకి ఒక్కో ఇంటి నంబరు అంటించారు. కుర్చీ ఉన్నవాళ్లకే మాట.

వెనక గోడవారన నిలబడ్డవాళ్లకు నంబర్లు లేవు. ఆ ఇళ్లలో వంటలు చేసి, కార్లు తోలి, బట్టలు కుట్టేవాళ్లు. ఊరి చివరి నుంచి బస్సులు మారి వస్తారు. వాళ్లలో అతని అక్క ఉంది. ఆమె ఒంటిగదిలో, కుట్టుమిషను పక్కనే అతను పెరిగాడు. అతని చదువంతా ఆ మిషనే లాగింది.

అధికారి అతని అభ్యంతరం కాగితమే ముందు చదివాడు. "ఎత్తు ఇళ్లు వస్తే నా పెరటికి ఎండ తగలదు."

వెనక నవ్వులు.

"మా నీడ పడితే కందిపోతావేంట్రా తమ్ముడూ?" అంది అక్క. గొంతులో కోపం లేదు. అదే అతన్ని కోసింది.

"కుర్చీ లేనివాళ్లు మాట్లాడకూడదమ్మా," అన్నాడు అధికారి.

"ఇల్లు లేకనే కదయ్యా వచ్చాం. ఇల్లుంటేగానీ ఇల్లడక్కూడదా?" అన్నాడు డ్రైవరు.

"వంటింట్లోకి పనికొస్తాం, పక్కింట్లోకి పనికిరామా?" వంటమనిషి అందుకుంది.

"బయటికి నడవండి."

ఎవరూ నడవలేదు. డ్రైవరు నేల మీద చతికిలబడ్డాడు. వంటమనిషి కూర్చుంది. వరసంతా కూర్చుంది. అక్క ఒక్కతే నిలబడిపోయింది. మిషను తొక్కీ తొక్కీ, నేల మీద కూర్చునేంతగా ఆమె మోకాళ్లు వంగవు. కాపలావాళ్లు నేరుగా వెళ్లి ఆమె రెక్క పట్టుకున్నారు.

అతను పెరిగిన ఆ ఒంటిగదికి కిటికీ ఉండేది కాదు. తలుపు సందులోంచి పడే చారెడు ఎండలో అతని పుస్తకం ఉండేలా మిషను అవతలికి జరుపుకుని, ఆమె చీకట్లో కుట్టేది. ఆ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు అది గుర్తు రాలేదా? వచ్చింది. అందుకే గబగబా పెట్టేశాడు.

"తెలిసినావిడా?" పక్క కుర్చీ పెద్దమనిషి అడిగాడు.

"మా అక్క."

అతను లేచాడు. కుర్చీని బరబరా ఈడ్చుకెళ్లి ఆమె వెనక వేశాడు. "కూర్చో అక్కా. ఇక మాట్లాడు."

డ్రైవరు కాస్త జరిగి చోటిచ్చాడు. అతను నేల మీద కూర్చున్నాడు.