ఉదయపు ఫిల్ము

నేను ఎక్స్‌రే ఫిల్ములు తగిలించి చూసే వెలుగు పెట్టెను. ముందు తెల్లటి పలక, వెనక ట్యూబులైట్లు. గుంటూరులో ఒక చిన్న షెడ్డులో రేకు వంచి నన్ను చేశారు. కొన్నాళ్లు ఎముకల వార్డులో ఉండి, తర్వాత సీమలో ఒక పెద్దాసుపత్రి సర్జరీ విభాగం గోడకెక్కాను. ఫిల్ములు కంప్యూటర్లలోకి పోయాక, విరిగిన మంచాల గదిలో పడేశారు. ఇక్కడ కూర్చుంటే ఓబులేసే గుర్తొస్తాడు.

ఓబులేసు సర్జరీలో పీజీ చదివే డాక్టరు. కడుపు కోసి కుట్టడంలో చెయ్యి తిరిగినవాడు. నోటితో జవాబులు చెప్పే పరీక్షలో మాత్రం నాలుక పిడచగట్టుకుపోయేది. ఒకసారి తప్పాడు. ఈసారీ తప్పితే సర్జరీ వదిలేస్తానన్నాడు.

పాఠాలు చెప్పే కాత్యాయని మేడం అతణ్ణి నా ముందు నిలబెట్టింది.

“రోజూ వార్డు రౌండ్సుకు ముందు ఒక ఫిల్ము. కనిపించేది చెప్పు, ఏమనుకుంటాండావో చెప్పు, ఏం చేస్తావో చెప్పు. వరుస తప్పొద్దు.”

“ఎక్కాలు అప్పజెప్పినట్లుంది మేడం.”

“ఎక్కాలే అనుకో. అప్పజెప్పు.”

అతని తోటి పీజీ లాలస ఎప్పుడూ క్లాసులో ఫస్టు. “నాకీ బడి వద్దులేప్పా” అని నవ్వింది. బుద్ధి పుడితే పుస్తకమంతా చదివేది, లేకపోతే ముట్టేది కాదు.

పరీక్ష నా ముందే జరిగింది. పరీక్షకుడు నా మీద ఒక ఫిల్ము తగిలించి, ఇదేమిటని అడిగాడు. “మొదట కనిపించేది చెబుతాను సార్” అన్నాడు ఓబులేసు. వరుసగా చెప్పుకుంటూ పోయాడు. చివరికి జబ్బు పేరు తప్పే చెప్పాడు; అయినా అతను చేస్తానన్న వైద్యానికి రోగి బతుకుతాడు. పరీక్షకుడు తలూపాడు. లాలసైతే జబ్బు పేరు ఇట్టే చెప్పేసింది. ఎందుకలా అనుకున్నావని అడిగితే మాట ఎక్కడెక్కడికో పోయింది.

ఓబులేసు పాసయ్యాడు. లాలస తప్పింది. అంతా పద్ధతి మహిమేనని నేననను. పరీక్ష గదిలో అదృష్టానికీ ఒక కుర్చీ ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే ఊరి బస్సుకు వెళ్తూ, మేడంకు చెప్పిపోదామని ఓబులేసు వచ్చాడు. నా ముందు లాలస ఒక్కతే ఉంది.

“నవ్వుకోరాదా” అంది.

“నవ్వేదేముంది? నేను తప్పిననాడు పలకరించింది నువ్వొక్కదానివే.”

ఆమె కళ్లు తుడుచుకుంది. “రేపట్నుంచి నేనూ వస్తానని మేడంకు చెప్పు.”

“రేపెందుకు?” అంటూ అతను సంచీ కింద పెట్టి, ఒక ఫిల్ము తగిలించి నా మీట నొక్కి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

ఆమె కనిపించేది చెప్పడం మొదలుపెట్టి తడబడింది. ఆగి, మళ్లీ మొదలుపెట్టింది. బస్సు వేళ దాటిపోతున్నా ఓబులేసు స్టూలు మీంచి లేవలేదు.