తుర్సునాయ్ మెడలో ఎవరి చార పైన?

సైరాగుల్ అవ్వ ప్రాణాలన్నీ మనవరాలి మెడ మీదే ఉండేవి. ఆ పిల్లకి ముందు పుట్టిన ఇద్దరూ చలికాలం దాటలేదు. అందుకే దీనికి ఉండిపొమ్మని తుర్సునాయ్ అని పేరు పెట్టారు. ఉండడమైతే ఉంది కానీ, నారిన్ లోయలో మంచు పడితే చాలు, దగ్గు పట్టుకునేది.

నిండుగా బతికిన పెద్దల ఇళ్ళలో మిగులు ఊలు అడిగి తెచ్చి అల్లి తొడిగితే, వాళ్ళ ఆయుష్షు బిడ్డకి అంటుతుందని ఆ ఊరి నమ్మకం. అవ్వ ఏడిళ్ళు తిరిగింది. అసనాకున్ పెద్దాయన ఎర్ర ఊలు ఇచ్చాడు, బుబూష్ నీలం ఇచ్చింది, మిగతావాళ్ళు ఎవరికి తోచింది వాళ్ళిచ్చారు. అవ్వ చారలు చారలుగా మెడతొడుగు అల్లింది. గొట్టంలా ఉంటుంది, తల మీంచి దించుకుంటే గడ్డం దాకా కప్పుతుంది. కునికిపాట్లు పడుతూ కూడా అల్లేయగల పని.

చిక్కంతా చూడ్డానికి వచ్చినవాళ్ళతోనే వచ్చింది. బుబూష్ తన నీలం చార అడుగున ఉండడం చూసి ముఖం మాడ్చుకుంది.

"విందులో నన్నెప్పుడైనా గుమ్మం పక్కన చిన్నవాళ్ళ చోట కూర్చోబెట్టారా సైరా? మరి నా ఊలు ఏం పాపం చేసింది?"

అవ్వ విప్పి, నీలాన్ని పైకి తెచ్చి మళ్ళీ అల్లింది. దాంతో అసనాకున్ అలిగి టీ మానేశాడు. ఎర్రని పైకి తెస్తే మూడో ఇంటివాళ్ళు పలకరింపులు మానేశారు. అవ్వ అల్లుతూనే ఉంది, విప్పుతూనే ఉంది, మంచు పడనే పడింది.

చివరికి పంచాయతీ పెట్టారు. గొర్రెని కోశారు. ఏడుగురి పెద్దరికం అందులో ఉంది కాబట్టి మెడతొడుగుని గుమ్మానికి ఎదురుగా పెద్దచోట కంబళి మీద కూర్చోబెట్టి, ముందు దానికే టీ పోశారు. మాంసం దగ్గర మాత్రం తర్జనభర్జన అయింది. చిన్నపిల్ల వస్తువు గనక చెవి ముక్క వేయాలని కొందరు, ఏడుగురి వయసు కలిపితే పెద్దలకి వేసే తొడ ఎముక కూడా తక్కువేనని కొందరు. ఎముకే వేశారు. అది తినలేదు.

తీర్పు చల్లగా వచ్చింది. పిల్ల ఎవరింటికి వెళితే ఆ ఇంటి చార పైకి వచ్చేలా మడిచి తొడుక్కోవాలి. వీధి ఎవరిల్లూ కాదు, కాబట్టి వీధిలో తొడుక్కోకూడదు. అందరూ అరచేతులతో ముఖాలు తడుముకుని, దీవించి లేచారు.

తుర్సునాయ్ మాట వినే పిల్ల. పొయ్యి పక్కన తొడుక్కునేది, గుమ్మం దాటగానే తీసేసేది. ఒక మధ్యాహ్నం పెదాలు నీలం తిరిగి ఇంటికొచ్చింది. మెడతొడుగు మంచుకి తడవకుండా కోటులో దాచుకుంది.

"వీధిలో తొడుక్కోలేదవ్వా. ఎవరికీ కోపం రాలేదు," అని వంగిపోయేలా దగ్గింది.

అవ్వకి ఏడుపొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. పిల్లని చంకనేసుకుని, పెద్దలంతా టీ తాగుతున్న అసనాకున్ ఇంటికి వెళ్ళింది. ఇంకో తీర్పు కావాలంది. అది వీధి సంగతి గనక వీధిలోనే చెప్పాలంది, మెడగుడ్డలు లోపలే వదిలి రమ్మంది. తీర్పు అడిగితే కాదనడం పెద్దరికం కాదు. వయసు వరసలో బయటికొచ్చి, బోసి మెడలతో మంచులో నిలబడ్డారు.

"ఇప్పుడు చెప్పండి పెద్దాయనా. వీధిలో ఎవరి చార పైన?"

అసనాకున్ ఆలోచించబోయాడు. గాలి కాలర్లోకి దూరింది. బుబూష్ ఏదో అనబోయింది కానీ పళ్ళు టకటకలాడి మాట నలిగిపోయింది.

"ఎలాగో ఒకలా తొడుగమ్మా," అన్నాడాయన. "తొందరగా తొడుగు."

అవ్వ చేతికి వచ్చినట్టు తొడిగి, పిల్ల ముక్కు దాకా లాగింది. పెద్దలు లోపలికి పరిగెత్తాల్సిందే, కానీ గుమ్మం ముందుగా ఎవరు దాటాలన్న దగ్గర అసనాకున్‌కీ బుబూష్‌కీ తేడా వచ్చింది. ఇద్దరూ ఒకే ఏడు పుట్టినవాళ్ళు. మిగతావాళ్ళు వాళ్ళని దాటి వెళ్ళలేక అలాగే నిలబడ్డారు.

అవ్వ వాళ్ళని వదిలేసి నడిచింది, చెవి మనవరాలి వైపు వేసుకుని. వీధి చివరిదాకా పిల్ల ఒక్కసారి కూడా దగ్గలేదు. వెనక గుమ్మం దగ్గర మాత్రం దగ్గులు మొదలయ్యాయి, వయసు వరసలో.