బురదలో కొట్టిన గోలు

ఆదివారం మూడున్నరకి మా తమ్ముడు వస్తాడు. మూడు ఇరవైకే నేను కిటికీ దగ్గర నిలబడతాను. మూడు నలభై అయితే నా చేతులు చల్లబడతాయి. "బస్సు ఆలస్యమై ఉంటుందే" అంటారు మా ఆయన. నలభై ఏళ్ళుగా ప్రతిసారీ ఆలస్యమైంది బస్సే. అయినా నాకు నమ్మకం కుదరదు.

మా ఆయన నూలుమిల్లులో ఫిట్టరుగా చేశారు. తమ్ముడు బస్సు కండక్టరు. ఇద్దరూ రిటైరై చాలా కాలమైంది కానీ వాళ్ళ వాదన మాత్రం ఇంకా ఉద్యోగంలోనే ఉంది. మిల్లు ఫుట్‌బాల్ జట్టు మంచి ఊపు మీదున్న ఆ పదేళ్ళలో గొప్ప ఆటగాడు ఎవరు? పొడుగాయన అంటారు మా ఆయన. ఎడంకాలు అంటాడు తమ్ముడు.

పొడుగాయన తొమ్మిదో నంబరు, గోలు ముందు ఆడేవాడు. ఎడంకాలు పదకొండో నంబరు, పక్కగీత వెంబడి పరిగెత్తేవాడు. కుడికాలు అతనికి నిలబడటానికి మాత్రమే పనికొచ్చేదని చెప్పుకునేవారు.

"మీవాడు ఆడింది ఎక్కడ బావా? కరెంటు స్తంభంలా నిలబడేవాడు. బంతి దానంతటది వచ్చి తలకి తగిలేది."

"మీవాడి పరుగు గురించి చెప్పరా. ఓసారి గీత దాటి, గేటు దాటి టీ కొట్టు దాకా పోయాడు. బంతి మాత్రం మైదానంలోనే ఉంది."

మాటలు ఎటు తిరిగినా చివరికి ఫైనల్ దగ్గరికే వచ్చేవి. ఆరోజు కుండపోత. ఆట ముగిసేముందు మూల నుంచి కొట్టిన బంతి గోలు ముందు పడింది, ఐదారుగురు ఒకరి మీద ఒకరు పడ్డారు, లేచి చూస్తే బంతి వలలో ఉంది. ఒంటినిండా బురద, వీపు మీద నంబర్లు కనబడవు. పేపరువాళ్ళు పొడుగాయన కొట్టాడని రాశారు. మిల్లు గేటు దగ్గర నల్లబల్ల మీద ఎడంకాలు పేరు రాశారు. జనం ఇద్దర్నీ భుజాలకెత్తుకున్నారు, ఇద్దరూ కాదనలేదు. పొడుగాయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఎడంకాలుకి ఇప్పుడు తన ఇల్లెక్కడో కూడా గుర్తుండటం లేదట. ఇక అడగడానికి ఎవరూ లేరు.

నన్ను ఎవరూ అడగలేదు. ఆ జట్టు జెర్సీలు పదేళ్ళు ఉతికింది నేనే. బడికి వెళ్ళని దాన్ని. ఆ జెర్సీల మీదే అంకెలు నేర్చుకున్నాను, ఇస్త్రీ చేసి చుట్టే పాత పేపర్లలో అక్షరాలు కూడబలుక్కున్నాను.

మొన్న ఆదివారం వాదన సరదాగా మొదలుకాలేదు. మిల్లు క్లబ్బు గదికి కొత్తగా రంగులు వేశారు. గోడమీద ఒక్క ఫొటోకే చోటుంది. క్లబ్బు కార్యదర్శి, కుట్టుమిషన్లు బాగుచేసే ఆవిడ, ముందురోజే వచ్చి చెప్పి వెళ్ళింది. "ఆ మ్యాచ్‌లన్నీ చూసినవాళ్ళు మీరిద్దరే మిగిలారు బాబాయ్. ఎవరి ఫొటోయో తేల్చి ఇద్దరూ సంతకం పెట్టండి. రేపు ఐదింటికి వస్తా. తేలకపోతే అక్కడ గడియారం పెట్టేస్తా."

నాలుగున్నరకి మా ఆయన నోరు జారారు.

"అసలు నువ్వు ఆ ఫైనల్ చూశావా? డ్యూటీలో ఉన్నావు. ప్రహరీ పక్కన బస్సు ఆపించి ఫుట్‌బోర్డు మీంచి చూశావు. అది కూడా చివరి పావుగంట."

తమ్ముడి మొహం పాలిపోయింది. "అంటే నలభై ఒక్క ఏళ్ళుగా నేను అబద్ధం చెబుతున్నానా బావా?"

"నేనలా అన్నానా?"

"ఇంకెలా అంటారు?" వాడు లేచి గొడుగు తీసుకున్నాడు. "ఆ సంతకం మీరే పెట్టుకోండి. వెళ్తున్నా అక్కా."

మా ఇంట్లో ఎవరూ ఆ మాట అనరు. వెళ్ళొస్తా అంటారు. మా నాన్న ఒకరోజు వెళ్తున్నా అనే వెళ్ళాడు. మా పెద్దక్కా అలాగే రైలెక్కింది. తమ్ముడు చెప్పుల్లో కాలు పెట్టేలోపు నేను వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"ఆ గోలు కొట్టింది వాళ్ళిద్దరిలో ఎవరూ కాదురా" అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు.

"నాలుగో నంబరు కొట్టాడు."

"ఎవరు, ప్యాకింగులో పనిచేసిన అతనా?" అన్నారు మా ఆయన. "నీకెలా తెలుసు?"

"ఉతికాను కాబట్టి. మర్నాడు మూట విప్పితే పదకొండు జెర్సీలూ ఒకటే బురద. ఉతికాక నాలుగో నంబరు దాని ఛాతీ మీద అడ్డంగా ఒక చార మిగిలింది. మైదానంలో గీతలకి వేసే సున్నం. తడిసిన సున్నం మీద బోర్లా పడి జారితే నీలం రంగు చచ్చిపోయింది. నిమ్మచెక్కతో రుద్దినా పోలేదు. జెర్సీ పాడుచేశానంటారేమోనని భయపడి, అతను వచ్చినప్పుడు నేనే చూపించాను. 'నీ తప్పు కాదక్కా, బంతితోపాటు నేనూ గోల్లోకి పోయాను' అన్నాడు. మరి చెప్పుకోవేం అంటే నవ్వాడు. 'వాళ్ళిద్దర్నీ ఇంకా కిందికి దించలేదు. నేను పదిరోజుల్లో వేరే మిల్లుకి పోతున్నా, నాకెందుకు' అన్నాడు. పోయాడు. మళ్ళీ చూడలేదు."

తమ్ముడి చేతిలో గొడుగు అలాగే ఉంది. "ఇన్నేళ్ళూ నోరు విప్పలేదేం అక్కా?"

చెప్పాలా వద్దా అనుకుంటూనే చెప్పేశాను.

"నా పెళ్ళి విషయంలో అలిగి రెండేళ్ళు నువ్వు ఈ గడప తొక్కలేదు. ఆ ఫైనల్ అయ్యాక ఆదివారం, గోలు ఎవరిదో బావతో తేల్చుకుంటానని వచ్చావు. ఆవేళ తేలలేదు. అందుకని మరుసటి వారం కూడా వచ్చావు. తేలిపోతే ఇంకెందుకొస్తావని..."

మా ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. అది శుభ్రంగానే ఉంది.

తమ్ముడు గొడుగు మూల పెట్టాడు. వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నన్ను ఓదారుస్తాడేమో అనుకున్నాను.

"సున్నం పక్కగీతది ఎందుకు కాకూడదు?" అన్నాడు.

"అదే నేనూ అడగబోతున్నా" అన్నారు మా ఆయన. "అతను అక్కడెక్కడో జారిపడి, ఈమెకి కథ చెప్పి ఉంటాడు."

"అమాయకురాలు బావా, ఎవరేం చెప్పినా నమ్మేస్తుంది."

ఇంత కాలానికి వాళ్ళిద్దరూ ఒక జట్టయ్యారు. అదీ నామీదికి. భయం పోయి నాకు ఒళ్ళు మండింది.

"పక్కగీత మీద సున్నం మ్యాచ్ సగానికే వానకి కొట్టుకుపోయింది. గోలు గీత మీద మాత్రం విరామంలో మళ్ళీ పోశారు, పేపర్లోనే రాశారు, నేను చదివాను. ఇంకోటి వినండి. మీ పొడుగాయన జెర్సీ చాలా వారాలు ఉతక్కుండా ఇస్త్రీ చేసినా ఎవరికీ తెలిసేది కాదు. నీ ఎడంకాలుకి ఎడమ పక్కనే మట్టి. నాలుగో నంబరుది మాత్రం ముందూ వెనకా, మోచేతులూ, కాలరూ, అన్నీ మట్టే. అతను ఉన్నన్నాళ్ళూ, ప్రతి వారం. ఆ జట్టుని మోసింది ఎవరో నన్ను అడగండి."

ఐదింటికి కార్యదర్శి వచ్చేసరికి ముగ్గురం ఒకేసారి మాట్లాడుతున్నాం. ఆవిడ కాసేపు గుమ్మంలో నిలబడి వింది.

"సంతకం ఏది బాబాయ్?"

"సంతకమా? కేసులో కొత్త సాక్షి దిగింది" అన్నాడు తమ్ముడు. "గడువు కావాలి."

"గోడ ఇంకా తడిగానే ఉంది. వచ్చే ఆదివారం దాకా ఇస్తా. అయినా ఆ నాలుగో నంబరాయనకి విడిగా ఫొటో ఎక్కడుంది పిన్నీ? జట్టు ఫొటోలో కూడా గోల్‌కీపరు చెవి వెనకాల సగం మొహమే ఉంది."

"సగమే పెట్టు" అన్నాను.

ఆవిడ నవ్వుకుంటూ వెళ్ళింది. మా ఆయన అలవాటుగా ఖాళీ కప్పు నావైపు జరిపారు.

"నేను వాదనలో ఉన్నాను" అన్నాను. "టీ మీరే పెట్టండి."

ఆయన వంటింట్లోకి వెళ్ళారు. డబ్బాలు ఒక్కొక్కటే తెరుస్తున్న చప్పుడు. తమ్ముడు కుర్చీ నా దగ్గరికి లాక్కున్నాడు.

"ఒక్క వారంలో ఇది తేలేది కాదు. బుధవారం కూడా వస్తా" అన్నాడు. "ఇప్పుడు చెప్పు. ఆ కాలరు మీద మట్టి సంగతేమిటి? కాలరుకి మట్టి ఎలా అంటుతుంది?"

"తలకిందులుగా పడితే అంటుతుంది" అని మొదలుపెట్టాను.