భుజం మీద చెయ్యి

హమీద్ సుత్తి ఎత్తి కొట్టిన ప్రతిసారీ పడవ పొట్ట మీద తుప్పు పెచ్చులు పెచ్చులుగా లేచి రాలుతోంది. కనుబొమల్లో, మెడ మడతల్లో, చొక్కా జేబులో అంతా ఎర్రటి పొడి. చేపల రేవు పక్కనున్న ఆ చిన్న యార్డులో ఇనప పడవల్ని ఒడ్డుకు లాగి, తుప్పు కొట్టి, రంగు వేసి, మళ్ళీ నీళ్ళలోకి తోస్తారు. రంగు వేసేవాళ్ళు వేరు. హమీద్‌ది తుప్పు. మీసం రాకముందు నుంచీ అదే పని.

సుత్తి దెబ్బ అతనికి చేతిలో తెలుస్తుంది. మణికట్టులో మొదలై మోచేతి దాకా పాకుతుంది. చెవికి మాత్రం తెలియదు. ఇనప పడవ పొట్టలో ఏళ్ళ తరబడి కూర్చుని కొడితే చెవులు ఏమవుతాయో అదే అయ్యాయి. మొదట పిట్టలు పోయాయి. తర్వాత కూతురి గొంతు పోయింది. ఆ తర్వాత మసీదులో అజాన్ పోయింది. చిట్టచివరికి సుత్తే పోయింది. ఇప్పుడు మనుషుల పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. ఎదుటివాడు తల తిప్పాడా, ఆ మాట అక్కడితో సరి.

మేస్త్రీ వెంకటేష్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఏటి హమీద్ బావా, ఇయ్యేల సగం పూటే సేత్తావంట? ఎక్కడికేటి, పెళ్ళిసూపులకా?"

"కొత్త గేమ్ వత్తంది. ముందుగా ఆడి సూడమని పిలిసినారు, ద్వారకానగర్ల గేముల కొట్టోళ్ళు."

"ఓర్నాయనో! గెడ్డం నెరిసినాక తుపాకీ పడతన్నావన్నమాట."

వెంకటేష్ వెనక్కి తిరిగి అవతలివాళ్ళతో ఏదో అన్నాడు. వాళ్ళ పళ్ళన్నీ బయటపడ్డాయి. ఏమన్నాడో హమీద్‌కు తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. కొళాయి దగ్గరికి వెళ్ళి ఒళ్ళంతా రుద్దుకున్నాడు. కాళ్ళ కింద నీళ్ళు ఎర్రగా పారాయి. సంచిలోంచి ఇస్త్రీ చొక్కా తీసి తొడుక్కుని, ఐసు ఫ్యాక్టరీ వైపు నడిచాడు. నేస్తం నీలకంఠం అక్కడ ఉండాలి. రమ్మని నిన్ననే చెప్పాడు హమీద్. వస్తాడో రాడో నమ్మకం లేదు.

చెవులు పోయిన కొత్తలో టీ కొట్టు దగ్గర హమీద్ చుట్టూ మనుషులు పలచబడ్డారు. ఒక మాట రెండుసార్లు చెప్పే ఓపిక ఎవరికుంటుంది? అతనూ వెళ్ళడం మానేశాడు. పని, ఇల్లు, గోడ. అల్లుడు టీవీలు బాగుచేస్తాడు. ఎవరో బాగుకిచ్చి మళ్ళీ తీసుకెళ్ళని ప్లేస్టేషన్ ఒకటి అతని కొట్లో మూలన పడి ఉంటే, కూతురు బుష్రా తెచ్చి తండ్రి గదిలో టీవీకి తగిలించింది. దీనికి మాటలక్కర్లేదంది.

తుపాకీల ఆట. వేళ్ళు తొందరగానే నేర్చుకున్నాయి. కానీ ఎంత బాగా ఆడినా చివరికి వెనక నుంచి దెబ్బ తినే చచ్చేవాడు. ఆటలో శత్రువు మీదికి వచ్చే ముందు అడుగుల చప్పుడొస్తుందట. విన్నవాడు తిరుగుతాడు. హమీద్ తిరగడు. రోజూ అదే చావు.

నీలకంఠం ఒక సాయంత్రం చేపలు ఇచ్చిపోదామని వచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసే మనిషి. సబ్బవరం దగ్గర పల్లె నుంచి కుర్రతనంలో వచ్చి రేవులో కుదురుకున్నాడు. భార్య చిట్టమ్మ పోయాక ఫ్యాక్టరీ వెనక రేకుల గదిలో ఒక్కడే ఉంటున్నాడు. మాటల మనిషి కాడు. కాసేపు టీవీ చూశాడు. ఉన్నట్టుండి లేచి హమీద్ ఎడం భుజం మీద గట్టిగా తట్టాడు. హమీద్ ఉలిక్కిపడి, ఎందుకో తెలియకుండానే ఆటలో ఎడమకి తిరిగాడు. అక్కడ ఉన్నాడు వాడు. పేల్చేశాడు. చచ్చేలోగా తిరగడం అతనికి అదే మొదలు.

ఆ రోజు నుంచి నీలకంఠం ప్రతి సాయంత్రం వచ్చి హమీద్ వెనక పీట మీద కూర్చునేవాడు. ఎడం భుజం తడితే ఎడమ, కుడి తడితే కుడి, వీపు మధ్యలో తడితే వెనక. మెల్లగా అయితే దూరం, చరచరా అయితే దగ్గర. ఎవరూ ఎవరికీ నేర్పలేదు, అలా కుదిరిపోయింది. ఆడతావా అని హమీద్ జాయ్‌స్టిక్ చాచితే తోసేసేవాడు.

"నాకొద్దు బావా. ఐసు పట్టిన ఏళ్ళివి. ఈ బొత్తాలు ఈటికి తెలవ్వు."

కొత్త ఆట పేరు కోల్డ్ జెట్టీ. మంచు పడే దేశంలో పాడుపడ్డ ఓడరేవు, అందులో యుద్ధం. దీపావళి దాటాక వస్తుందని ఏడాది కిందటే చెప్పారు. ఫోన్లో దాని ప్రకటన ఒకటుంది. దాన్ని ఇద్దరూ ఎన్నిసార్లు చూశారో. రేవు చివర పసుపు పచ్చ క్రేను కనిపిస్తుంది. దాని మీదికి ఎక్కవచ్చని నీలకంఠం, ఉత్త బొమ్మేనని హమీద్. ఆ వాదం వానాకాలమంతా సాగింది. నిజానికి హమీద్ కంటే నీలకంఠానికే ఆత్రం.

"మంచు మీద బూట్లు రా బావా! ఆ సప్పుడు నాకు తెలదేటి? పొద్దస్తమానం ఐసు తొక్కినోణ్ణి. ఆడు ఎంత పిల్లిలా నడిసినా పట్టేత్తాను."

పదిహేను రోజుల కిందట బుష్రా వచ్చి, ఫోన్లో చదివి చెప్పింది. చెవులు వినపడనివాళ్ళ కోసం ఈ ఆటలో కొత్త ఏర్పాటు ఉందట. చప్పుడు ఎటు నుంచి వస్తే తెర అంచున అటు గుర్తు వెలుగుతుందట. ఇక ఎవరి సాయమూ అక్కర్లేదట. పిల్ల సంబరంగా తండ్రి ముఖంలోకి చూసింది. హమీద్ నీలకంఠం ముఖంలోకి చూశాడు.

"మంచిదే కదమ్మా," అన్నాడు నీలకంఠం. తర్వాత తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

అప్పటి నుంచి నీలకంఠం ఆలస్యంగా రావడం మొదలైంది. కొన్ని సాయంత్రాలు అసలు రాలేదు. అడిగితే ఐసుకి లారీలు ఎక్కువొచ్చాయనేవాడు. హమీద్‌కు అర్థమైంది. అర్థమైనదాన్ని ఎలా చెప్పాలో మాత్రం తెలియలేదు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర నీలకంఠం తెల్ల చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని నిలబడి ఉన్నాడు. తయారైన మనిషి రానంటున్నాడు.

"నువ్వెల్లిపో బావా. నాకేటి పని అక్కడ?"

"ఇద్దరి పేర్లూ రాయించింది పిల్ల."

"గుర్తులు వచ్చేసినాయి కదేటి. నీ ఎనకాల కూకుని నానేటి సేత్తాను? ఈగలు తోల్తానా?"

"ఈగలే తోలు. బేగి రా, బస్సెల్లిపోద్ది."

నీలకంఠం నవ్వాడు. నవ్వితే అతని కింది పెదవి ఒక పక్కకి జారుతుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఎడం చెయ్యి పిసుక్కుంటూనే ఉన్నాడు. ఏమిటని అడిగితే, పొద్దున్న పెద్ద దిమ్మ ఒకటి అడ్డంగా ఎత్తాను, పట్టేసిందన్నాడు.

దుకాణం మేడ మీద. మెట్లు ఇరుకు. సగం ఎక్కి నీలకంఠం ఆగిపోయాడు. హమీద్ వెనక్కి దిగి చూశాడు. నుదుటి మీద చెమట.

"ఏటైంది?"

"ఏటీ నేదు. లైట్లు సూత్తన్నాను. ఎన్నెట్టినాడో సూడు."

లోపలంతా పిల్లలే, జీన్సు ప్యాంట్లు, రంగుల జుట్లు. ఈ ఇద్దర్నీ చూసి ఒకళ్ళనొకళ్ళు మోచేతులతో పొడుచుకున్నారు. దుకాణంలో పనిచేసే హిమబిందు అనే అమ్మాయి ముందు అటు తిరిగి ఏదో చెప్పుకుపోయింది. నీలకంఠం ఆమె చెయ్యి మీద తట్టి, హమీద్ వైపు చూపించి, చెవి ముట్టుకున్నాడు. ఆమె ముఖం ఎర్రబడింది. హమీద్ ఎదురుగా వచ్చి పెదాలు స్పష్టంగా కదుపుతూ చెప్పింది.

"సారీ అంకుల్. మీకు గుర్తులు పెట్టి ఇస్తాను. రెండు ఆటలు ఆడుకోవచ్చు."

పెద్ద తెర ముందు హమీద్‌కి మెత్తటి కుర్చీ వేసింది. నీలకంఠానికి వెనక మామూలు కుర్చీ.

ఆట మొదలైంది. మంచు. తెర నిండా మంచు. ఇంట్లో ఆటలా లేదు ఇది. తుపాకీ బరువుంది. పేలిస్తే జాయ్‌స్టిక్ అరచేతిలో ఎగిరింది, సుత్తిలాగే మోచేతి దాకా పాకింది. పరిగెడితే మనిషి రొప్పుతున్నాడు, నోట్లోంచి ఆవిరి వస్తోంది. తుప్పు పట్టిన కంటైనర్లను చూసి హమీద్‌కు నవ్వొచ్చింది. తుప్పు సరిగ్గానే వేశారు, అంచుల దగ్గర ఉబ్బింది.

అప్పుడు తెర కుడి అంచున సన్నటి ఎర్ర గీత వెలిగింది. తిరిగాడు. శత్రువు. కాల్చాడు. ఎడమన ఇంకో గీత. తిరిగాడు, కాల్చాడు. పైన తెల్లటి దారంలాంటిదేదో అలలుగా ఊగుతోంది. అదేమిటో కాసేపటికి గాని తెలియలేదు. గాలి. గాలి చప్పుడు. హమీద్ వేళ్ళు ఆగిపోయాయి. ఇన్నేళ్ళ తర్వాత గాలి అతని దగ్గరికి వచ్చింది. దూరంగా పసుపు చుక్క ఒకటి ఎగిరిపోయింది, పిట్ట అరిచింది కాబోలు. ఎవరూ తట్టకుండా, ఎవరినీ అడగకుండా, చివరిదాకా బతికాడు.

ఆట అయిపోయి తెర నల్లబడింది. ఆ నలుపులో వెనక కూర్చున్న నీలకంఠం నీడ కనిపించింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, అరచేతులు పైకి తెరిచి, కూర్చోమంటే కూర్చున్నట్టు ఉన్నాడు. మెచ్చుకుంటూ తల ఊపుతున్నాడు.

హమీద్ ఆ నీడను కాసేపు చూశాడు. తర్వాత హిమబిందును పిలిచాడు.

"అమ్మా, ఆ గుర్తులు తీసీ."

"అదేంటంకుల్? అంత బాగా ఆడారు కదా!"

"తీసీమ్మా. కళ్ళకి అడ్డమొత్తన్నాయి."

నీలకంఠం ముందుకి వంగి అతని ముఖంలోకి చూశాడు. "ఎందుకురా, పిచ్చోడా? అంత సక్కగా ఉంటే."

"ఎర్ర గీతలు, తెల్ల గీతలు. ముగ్గులేసినట్టుంది. నాకొద్దు. నువ్వు తట్టు."

అబద్ధమని ఇద్దరికీ తెలుసు. నీలకంఠం కింది పెదవి పక్కకి జారింది. ఇక్కడ చప్పుడు తెర నుంచి రాదని, వినాలంటే ఇవి పెట్టుకోవాలని చెప్పి హిమబిందు అతనికి పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించింది. నున్నగా దువ్వుకున్న జుట్టు చెదిరింది. పట్టించుకోలేదు. కుర్చీ ముందుకి జరుపుకుని, రెండు చేతులూ హమీద్ భుజాల మీద వేశాడు.

మళ్ళీ మంచు. గుర్తులు లేవు, గాలి లేదు, పిట్ట లేదు. ఎడం భుజం మీద మెల్లగా ఒక దెబ్బ. దూరం. హమీద్ కంటైనర్ చాటుకి తప్పుకున్నాడు. చరచరా రెండు. తిరిగి కాల్చాడు. వెనక నుంచి నవ్వు అదురు భుజాల్లోకి దిగింది. క్రేను దగ్గరికి పోదాం అన్నట్టు నీలకంఠం వేలు తెర వైపు సాగింది. పోయారు. నిచ్చెన ఉంది. హమీద్ మీట నొక్కాడు. మనిషి నిచ్చెన పట్టుకున్నాడు, ఎక్కుతున్నాడు! నీలకంఠం అతని వీపు మీద ధనధనా గుద్దాడు. అది శత్రువు కోసం కాదు, సంతోషానికి. పై నుంచి రేవంతా కనిపించింది. గడ్డకట్టిన సముద్రం, విరిగిన ఓడలు. ఇద్దరూ చూస్తూ ఉండిపోయారు.

కిందికి దిగి గోడ చాటుకి చేరాక, కుడి భుజం మీద చెయ్యి ఒక్కసారి బిగిసింది. తర్వాత వదులై, కదలకుండా నిలిచిపోయింది.

కదలని చెయ్యికి వాళ్ళ లెక్కలో ఒకటే అర్థం. ఎవరూ లేరు, ఉన్నచోటే ఉండు. హమీద్ ఉన్నచోటే ఉన్నాడు. మంచు పడుతోంది. మనిషి నోటి ఆవిరి పైకి పోతోంది. చెయ్యి బరువుగా, నిబ్బరంగా ఉంది. ఐసు చెయ్యి, ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. నీలకంఠం ఇంకా ఏదో సన్నటి అడుగు కోసం వింటున్నాడనుకున్నాడు. అంతసేపు ఎన్నడూ ఆపలేదు. అయినా కదల్లేదు. వీపు వెనక కుర్చీకి ఏదో మెత్తగా ఆనింది.

తెర ఎర్రబడింది. వెనక నుంచి ఎవడో కాల్చేశాడు.

"ఏట్రా బావా, నిద్దరోయినావా!" అని నవ్వుతూ తిరిగాడు హమీద్. భుజం మీది చెయ్యి జారి అతని ఒళ్ళో పడింది. నీలకంఠం తల హమీద్ కుర్చీ వీపుకి ఆని ఉంది. కళ్ళు సగం తెరిచి తెర వైపే ఉన్నాయి. కింది పెదవి పక్కకి జారి ఉంది.

హమీద్ నీలకంఠం భుజం పట్టి తట్టాడు. మెల్లగా, తర్వాత చరచరా.

మనుషులు మూగారు. ఎవరెవరి నోళ్ళో కదిలాయి. ఒక్కరూ అతని వైపు తిరిగి లేరు. ఒక కుర్రాడు హెడ్‌ఫోన్లు తీసి కుర్చీ మీద పెట్టి, నీలకంఠాన్ని నేల మీద పడుకోబెట్టి గుండె మీద రెండు చేతులతో నొక్కాడు. చాలాసేపు నొక్కాడు. అంబులెన్సు మనుషులు వచ్చి మెడ దగ్గర, మణికట్టు దగ్గర చూశారు. వాళ్ళలో వాళ్ళు ఏదో అనుకుని తెల్ల దుప్పటి విప్పారు. హిమబిందు హమీద్ ఎదురుగా వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. తల అడ్డంగా ఊపింది.

"నోటితో సెప్పమ్మా, నాను సూత్తన్నాను కదా," అన్నాడు హమీద్. ఎంత గట్టిగా అన్నాడో, గదిలో అందరూ తిరిగి చూశారు.

ఇరుకు మెట్ల మీద స్ట్రెచరు తిరగడం లేదు. పైకి లేపారు, వాలుగా పట్టారు. వాళ్ళు దిగేదాకా వెనక ఆగక తప్పలేదు. హమీద్ తలుపు దగ్గర నిలబడి గదిలోకి చూశాడు. పెద్ద తెర మీద చచ్చిన మనిషి మళ్ళీ లేచి, తుపాకీ పట్టుకుని, మంచులో అటూ ఇటూ చూస్తూ ఎదురు చూస్తున్నాడు. తెర ముందు ఎవరూ లేరు. హమీద్ నాలుగడుగులు వెనక్కి వేసి, నీలకంఠం కూర్చున్న కుర్చీ దగ్గర ఆగాడు.

దాని మీద హెడ్‌ఫోన్లు పడి ఉన్నాయి. మెత్తటి తోలు మీద చెమట తడి ఇంకా ఆరలేదు. వేలు ఆనిస్తే లోపల ఎవరో మంచు మీద నడిచి వస్తున్నట్టు సన్నటి అదురు.