ఎడమ హెడ్‌లైటు

మా తమ్ముడికి తొందరెక్కువ. పుట్టడం కూడా ఎనిమిదో నెలలోనే పుట్టాడని కోపం వచ్చినప్పుడల్లా మా అమ్మ దెప్పేది. ముప్ఫై ఆరేళ్ళొచ్చినా ఆ తొందర తగ్గలేదు. వాడికన్నా ఏడేళ్ళు పెద్దదాన్ని నేను. నాకేమో ఏ పనైనా నిదానంగా చేస్తే తప్ప చేసినట్టుండదు. ఇలాంటి ఇద్దరికీ కలిపి ఒకే కొట్టు అప్పగించి పోయాడు మా నాన్న.

కొట్టులో పని ఒక్కటే, కార్ల హెడ్‌లైట్లు. పాతవి పచ్చబడితే ఎమరీ పేపరుతో రుద్ది, పాలిష్ పట్టి తేటగా చేస్తాం. కొత్తవైతే పచ్చబడకుండా ముందే పైన పల్చటి ఫిల్మ్ అంటిస్తాం. లైటు పైన ఉండేది గాజనుకుంటారు చాలామంది. గాజు కాదు, ప్లాస్టిక్కు. దాన్ని ఎండ తినేస్తుంది. ఫ్యాక్టరీలో దానికో సన్నటి పూత పూసి పంపుతారు, ఆ పూత ఉన్నన్నాళ్ళే దానికి ఆయుష్షు. ఒక్కసారి ఎమరీ పేపరు తగిలిందంటే పూత పోతుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు రుద్దితే అన్నిసార్లు లైటు ఇంకాస్త పల్చబడుతుంది, ఇంకాస్త త్వరగా పచ్చబడుతుంది.

ఫిల్మ్ వేసేటప్పుడు ముందు సబ్బునీళ్ళు చల్లి, ఫిల్మ్ పరిచి, రబ్బరు బద్దతో ఆ నీళ్ళన్నీ బయటికి నెట్టాలి. తర్వాత ఒక రోజంతా ఆరనివ్వాలి. "తడి ఆరేదాకా లైటు వెయ్యొద్దు. వెలిగే లైటులోకి ముఖం పెట్టి అసలు చూడొద్దు" అనేవాడు నాన్న. ఎందుకని అడిగితే "చెప్పింది చెయ్యి" అనేవాడు. వేడికి బుడగలు లేస్తాయి కాబోలని నేను ఊరుకున్నాను. తమ్ముడు ఊరుకునే రకం కాదు.

ఆ కారు పళ్ళ డాక్టరమ్మది. కొని నాలుగు రోజులైంది, తెల్లటి కారు. "పచ్చబడ్డం అంటే నాకు అస్సలు పడదండీ. రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను చూసేది అదే" అంది. ఆవిడ నాకు అక్కడే నచ్చేసింది. కుడి లైటు పూర్తిచేసి, ఎడమది పూర్తిచేసి, చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి లైట్లు వెలుగుతున్నాయి. తమ్ముడు ఎడమ లైటు ముందు గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి, ముక్కు తగిలేంత దగ్గరగా లోపలికి చూస్తున్నాడు.

"ఏం చేస్తున్నావురా?"

"బుడగలున్నాయేమోనని చూస్తున్నా. ఒక్కటి కూడా లేదు. నీ చెయ్యి పడితే తిరుగులేదక్కా."

"ముందు ఆ లైటు ఆపు. నాన్న ఏం చెప్పాడు?"

"నాన్న చాలా చెప్పాడులే" అని నవ్వుతూ లేచాడు.

గట్టిగా తిట్టాల్సింది. కానీ పొగిడితే నేనూ పడిపోతాను.

మూడు వారాలకు డాక్టరమ్మ తిరిగొచ్చింది. కుడి లైటు మంచినీళ్ళలా ఉంది. ఎడమది పదేళ్ళ పాత కారుదిలా పచ్చగా, మసగ్గా ఉంది. ఫిల్మ్ వేసిన లైటు ఇలా కావడం నా ఇరవయ్యేళ్ళ పనిలో ఎన్నడూ చూడలేదు. కారు రోజంతా ఆసుపత్రి ముందు ఎండలోనే ఉంటుందట, కానీ రెండు లైట్లకీ తగిలేది అదే ఎండ కదా. తల గోక్కుంటూ నిలబడ్డాను. అప్పుడు డాక్టరమ్మ తమ్ముడి వైపు చూసి నెమ్మదిగా అంది.

"మీ తమ్ముడి కళ్ళు చూశారా? ఇవాళే రక్తపరీక్ష చేయించండి."

రోజూ ఎదురుగా తిరిగే మనిషిని మనం ఎక్కడ చూస్తాం? అప్పుడు చూశాను. కళ్ళు, గోళ్ళు, చెవి తమ్మెలు, అన్నీ పచ్చగా ఉన్నాయి. వాడు మాత్రం నవ్వాడు. "పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు కదండీ. నాకు మీ కారు తెల్లగానే కనిపిస్తోందే."

వాణ్ణి పరీక్షకి తరిమి, డాక్టరమ్మని పంపించి, కారు ఉంచుకుని, షట్టరు సగం దించి పనిలో కూర్చున్నాను. ఎడమ లైటు ఫిల్మ్ ఊడదీశాను. పచ్చదనం ఫిల్మ్‌లో లేదు, ప్లాస్టిక్కులో ఉంది. తల వంచి లోపలికి చూశాను. లైటు లోపల అద్దంలాంటి గిన్నె ఉంటుంది, అందులో మన ముఖం చిన్నగా, తలకిందులుగా కనిపిస్తుంది. ఇప్పుడు కనిపించిన ముఖం నిటారుగా ఉంది. నేను తల పక్కకి తిప్పాను, అది తిప్పలేదు. ఒక కన్ను మూసి, రెండో కంటితో నన్నే చూస్తోంది. అది నా తమ్ముడి ముఖం, ఆ రోజు తడి లైటులోకి చూసిన ముఖం.

భయమేసినప్పుడు నా చేతులకి తెలిసింది పనొక్కటే. నీళ్ళు చల్లి, ఎనిమిదొందల నంబరు ఎమరీ పేపరు తీసి రుద్దడం మొదలుపెట్టాను. నాలుగుసార్లు రుద్దానో లేదో ఫోను మోగింది.

"అక్కా, ఇక్కడ వరుసలో కూర్చున్నాను. ఉన్నట్టుండి ముఖం మండిపోతోంది. ఎవరో గరుకు గుడ్డతో రుద్దినట్టుంది."

చేతిలో పేపరు వైపు చూశాను. "చల్లటి నీళ్ళతో కడుక్కో" అని పెట్టేశాను. ఆ పేపరు పారేసి, ఉన్నవాటిలోకెల్లా మెత్తటిది తీసుకున్నాను. అరగంట పని రెండున్నర గంటలు పట్టింది. పసిపిల్ల బుగ్గ కూడా అంత మెత్తగా ఎవరూ తుడిచి ఉండరు. పాలిష్ పట్టి తుడిచేసరికి లైటు తేటబడింది, ముఖం మాత్రం ఉన్నచోటే ఉంది. సాయంత్రం తమ్ముడు వచ్చాడు. కళ్ళు పాలలా తెల్లగా ఉన్నాయి. పరీక్షల్లో ఏ తేడా లేదన్నారట.

వాడికేమీ చెప్పలేదు. చెప్తే నమ్మడు, నమ్మితే ఇంకా కష్టం. కొత్త ఫిల్మ్ వేసి కారు పంపించేశాను. కారుకి కవరు కప్పమని డాక్టరమ్మకి పదిసార్లు చెప్పాను.

ఈసారి పన్నెండు రోజులకే పచ్చబడింది. ఆ తర్వాత అయిదు రోజులకు. ఆ అయిదో రోజున తమ్ముడు కొట్లో బల్లమీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ముద్ద దిగడం లేదు. మూడోసారి రుద్దుతుంటే బొటనవేలి కింద ప్లాస్టిక్కు లొంగింది. అంచున సన్నటి బీట కనిపించింది. ఇంకొక్కసారి పేపరు పెడితే చిల్లు పడుతుందని చేతికి తెలిసిపోయింది. అక్కడే నేలమీద కూలబడి ఏడ్చాను. వాడు లేచొచ్చి నా పక్కన కూర్చున్నాడు. లైటులో వాడి ముఖాన్ని వేలుపెట్టి చూపించాను.

వంగి చూశాడు. తర్వాత నా భుజం మీద చెయ్యేశాడు.

"ఫోటో తీస్తున్నారని ముందే చెప్పుంటే రెండు కళ్ళూ తెరిచేవాణ్ణి" అన్నాడు.

డాక్టరమ్మకి ఓపిక అయిపోయింది. షోరూములో కొత్త లైటు బిగించమని చెప్పింది. పాతది నాకిమ్మని అడిగితే వింతగా చూసింది. "పచ్చటి పన్ను పీకేశాక ఎవరూ ఇంటికి తీసుకెళ్ళరండీ" అంది. కొంగు కింద దాచుకుని తెచ్చుకున్నాను. మా ఇల్లు కొట్టు పైనే. ఎండ తగిలితేనే కదా పచ్చబడేది, చీకట్లో పెడితే సరిపోతుందని ఇనప్పెట్టెలో దుప్పట్ల మధ్య పెట్టి తాళం వేశాను. ఇంత చిన్న ఉపాయం ముందే ఎందుకు తట్టలేదా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

మర్నాడు వాడు లేచి తిరిగాడు, కడుపునిండా తిన్నాడు, మబ్బు పట్టిందా అని మాత్రం రెండుసార్లు అడిగాడు. రెండో రోజు మధ్యాహ్నం ఇద్దరం భోజనానికి కూర్చున్నాం. కిటికీలోంచి ఎండ నేరుగా కంచాల మీద పడుతోంది. వాడు చేత్తో తడుముకుంటూ నీళ్ళగ్లాసు వెతుకుతున్నాడు.

"కరెంటు పోయిందా అక్కా?" అన్నాడు.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పరుగెత్తుకెళ్ళి పెట్టె తెరిచి, దుప్పట్లు లాగిపారేశాను. గదిలోంచి వాడి మాట వినిపించింది. "ఆ, వచ్చింది."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. లైటు తెచ్చి వాడి ముందు పెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. పెట్టెలో ఉంచితే చూపుండదుగానీ ఒంటికేమీ కాదు, ఎన్నాళ్ళైనా ఉంటావు. వెలుతురులో ఉంచితే...

"పచ్చబడతాను" అని వాడే పూర్తిచేశాడు. "ఇక రుద్దడానికీ లేదు."

"లేదు."

వాడు కిటికీ వైపు చూశాడు. కింద రోడ్డు మీద ఎవరో కారు వెనక్కి తీస్తున్నారు, ఇంకొకాయన చెయ్యి ఊపుతూ దారి చూపిస్తున్నాడు.

"కిటికీలో పెట్టు."

"ఒరేయ్, ఆలోచించుకో. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"దుప్పట్ల కింద దాచుకోవడానికి నేనేమన్నా నగనా అక్కా? కిటికీలో పెట్టు. రోడ్డు కనిపించాలి నాకు."

ఏడుస్తూనే పని మొదలుపెట్టాను. కొట్లో ఉన్నవాటిలో మేలైన ఫిల్మ్ తెచ్చాను. అది ఈ ఎండని ఆపుతుందో లేదో తెలియదు, నాకు తెలిసిన మందు అదొక్కటే. సబ్బునీళ్ళు వాడే చల్లాడు. నేను ఫిల్మ్ పరిచి, ఆ బీట మీద బరువు పడకుండా, నీటిచుక్క మిగలకుండా బద్దతో నెట్టాను. నా జన్మలో అంత బాగా వేసిన ఫిల్మ్ ఇంకోటి లేదు.

"ఎన్నాళ్ళు ఆపుతుంది?" అన్నాడు.

కొట్టుకొచ్చే ప్రతివాళ్ళూ అడిగే ప్రశ్నే అది. అయిదేళ్ళకి ఢోకా లేదని ఎవరికైనా తడుముకోకుండా చెప్పేస్తాను.

"మబ్బు పట్టిన రోజులు ఎక్కువుంటే ఎక్కువ రోజులే ఆపుతుంది" అన్నాను.

అప్పట్నుంచి పొద్దున లేవగానే ముందు ఆకాశం వంక చూస్తున్నాను. ఈ నెలంతా ఎండలే.