తనిఖీ రోజు లేత్ మిషన్

నేను ఒక లేత్ మిషన్ని. ఇనుప కడ్డీని గిరగిరా తిప్పి, బోల్టుగానో ఇరుసుగానో చెక్కడం నా పని. పని అన్నాను గానీ, కోయంబత్తూరులో నన్ను తయారుచేసి, తిప్పి చూసిన రోజే ఆఖరు.

నన్ను కొన్న పెద్దమనిషికి పల్నాడులో మూడు ఇంజనీరింగ్ కాలేజీలు. మూడింటికీ లేత్ మిషన్ నేనొక్కదాన్నే. ఎక్కడ కాలేజీకి గ్రేడు వేసే తనిఖీ ఉంటే అక్కడికి లారీలో వెళ్తాను. వచ్చేవాళ్ళు ముందే కబురుపెట్టి వస్తారు. పెళ్ళిచూపులకు పక్కింటి నగలు పెట్టినట్టు నన్ను పెడతారు. వాళ్ళు చూస్తారు, టిక్కు కొడతారు, భోజనానికి లేస్తారు. ఇది తిరుగుతుందా అని ఒక్కరూ అడగలేదు. నాకు కరెంటు తీగే లేదు.

రెండో కాలేజీలో రమీజా అనే పిల్ల, ఆఖరి ఏడాది. ట్రాక్టర్లు బాగుచేసే వాళ్ళ నాయనకు చూపు పోతోంది. ఇల్లు ఇక ఈమె మీదే. తనిఖీ మర్నాడే ఫ్యాక్టరీలో ఉద్యోగ పరీక్ష. లేత్ మీద పని చేసి చూపించాలి.

"సార్, ఒక్కసారి తిప్పనీయండి సార్."

"తనిఖీ కానీ తల్లీ. నీ చేతి జిడ్డు అంటితే దీని సోకంతా పోద్ది," అని వర్క్‌షాప్ సారు నవ్వాడు.

తనిఖీ పెద్దాయన ఆమెనే అడిగాడు. "దీని మీద పని చేస్తారామ్మా?"

వెనకాల ప్రిన్సిపాల్ నిలబడ్డాడు. గ్రేడు పోతే మీ పట్టాలకే విలువ పోద్దని పొద్దున్నే చెప్పి ఉంచాడు.

"చేస్తాం సార్," అంది.

సాయంత్రం ఆమె పరుగున వచ్చేసరికి నన్ను లారీ ఎక్కించేశారు. నేను ఇనుము. నోరుంటే అరిచేదాన్ని.

తనిఖీ అయ్యలారా, చెప్పకుండా రండి. మామూలు రోజున రండి. నన్ను చూడొద్దు. ఒక పిల్లను పిలిచి, కడ్డీ చేతికిచ్చి, చెక్కమనండి. గ్రేడు అప్పుడు వెయ్యండి. ఎవరికి చెప్పుకోను?

గ్రేడు వచ్చింది. రోడ్డు మీద పెద్ద బోర్డు లేచింది. కొన్నేళ్ళకు మళ్ళీ తనిఖీ, మళ్ళీ అక్కడే దింపారు. నా పక్కన రమీజా. మెడలో లెక్చరర్ కార్డు. ఆనాటి ఫ్యాక్టరీ పరీక్షలో కడ్డీ బిగించడం కూడా రాలేదని పంపేశారట. ఈ లెక్చరర్ ఉద్యోగమూ తనిఖీ అయ్యేదాకానే.

ఒక పిల్ల నా పిడి మీద చెయ్యి వేసింది. "మేడం, దీన్ని ఎట్టా తిప్పాలి?"

రమీజా తలుపు వైపు చూసింది. గొంతు తగ్గించింది.

"నాకూ తెలవదమ్మా. చెయ్యి తియ్యి, కార్లొచ్చినయ్యి."