అత్తగారి కారులో తలనొప్పి

కోడలికి రోజూ పొద్దున్నే తలనొప్పి వస్తోందని తెలిసి ఆమె పనిచేసే పూల నర్సరీలో అందరూ ఒకటే నవ్వారు.

"అత్తగారి పక్కన కూర్చుని వస్తున్నావు, తలనొప్పి రాక ఇంకేమొస్తుంది?" అంది మొక్కలకు అంట్లు కట్టే ఆవిడ.

కోడలు కూడా నవ్వేసింది గానీ ఆ మాట ఆమెకు నచ్చలేదు. అత్తగారితో ఆమెకు పేచీ ఏమీ లేదు. పైగా ఆవిడ కబుర్లంటే చెవి కోసుకుంటుంది.

అత్తగారిది గ్రంథాలయంలో పుస్తకాలు బైండు చేసే పని. ఆవిడ కారు వయసులో ఆవిడకంటే కొంచెమే చిన్నది. గుండ్రటి వీపు, ఇంజను వెనకవైపు. "దీనికి రేడియేటరూ లేదు, నీళ్ళు పోసే పనీ లేదు. గాలికే చల్లబడుతుంది నా బంగారం," అని ఆవిడ చెబుతుంటే, ఎవరైనా కూతురి గురించి చెబుతోందనుకోవాలి. చలికాలంలో రెండు సీట్ల మధ్య ఉన్న మీటను పైకి లాగితే కాళ్ళ దగ్గరికి వెచ్చటి గాలి వస్తుంది. కోడల్ని నర్సరీ గేటు దగ్గర దింపి, ఆవిడ ఊరి అవతల ఉన్న గ్రంథాలయానికి వెళ్తుంది. సాయంత్రం అదే దారిన ఇద్దరూ ఇల్లు చేరతారు.

ఆ చలికాలం ఇంట్లో అసలు బెంగ కోడలి తలనొప్పి కాదు, అత్తగారి మతిమరుపు. ఒకరోజు నర్సరీ గేటు దాటి చాలా దూరం పోయింది. ఇంకోరోజు ఒక నిఘంటువుకు అట్ట తలకిందులుగా అతికించింది. సాయంత్రాలు వంటింటి గుమ్మంలో నిలబడి, "నేనెందుకొచ్చానే ఇక్కడికి?" అని కోడల్నే అడిగేది.

కళ్ళజోళ్ళ దుకాణం నడిపే కొడుకు కొన్నాళ్ళు చూసి చూసి, ఒక రాత్రి భోజనాల దగ్గర నోరు విప్పాడు. "అమ్మా, ఇంక నువ్వు కారు నడపొద్దు. అమ్మేద్దాం."

ఆవిడ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. కొడుకు మీద విరుచుకుపడుతుందని కోడలు అనుకుంది. ఆవిడ కోప్పడలేదు.

"మా అమ్మకీ ఇలాగే మొదలైందిరా," అంది మెల్లగా. లేచి చెయ్యి కడుక్కుంది.

ఆ మాట కోడల్ని పట్టుకుని వదల్లేదు. మర్నాడు ఆదివారం. అత్తగారు చదరంగంలో కొడుకును వరసగా ఓడించి, చిన్నప్పుడు వాడు ఏ అధ్యాపకుడి దగ్గర ఎందుకు దెబ్బలు తిన్నాడో పూసగుచ్చినట్టు చెప్పింది. కోడలు బట్టలు మడతపెడుతూ వింటోంది. ఆవేళ తనకూ తలనొప్పి లేదు.

"ఏమండీ," అంది గదిలోకి వెళ్ళాక, "మతిమరుపు కూడా ఆదివారం సెలవు తీసుకుంటుందా?"

"పని అలసట అయ్యుంటుంది," అన్నాడు భర్త. కానీ అతనికీ ఆ జవాబు మీద నమ్మకం ఉన్నట్టు లేదు.

అలసట అయితే సాయంత్రమే రావాలి కదా, పొద్దున గేటు దాటిపోవడం ఏమిటి? ఇద్దరికీ కలిపి ఏదో అవుతోంది. ఇద్దరూ కలిసి ఉండేది ఆ కారులోనే. కోడలికి భయంకంటే ముందు కుతూహలం పుట్టింది.

ముందు ఆమె అనుమానం వెనక సీట్లో ఉండే అత్తగారి సంచి మీదకు పోయింది. అందులో బైండింగు జిగురు డబ్బాలుంటాయి. "అత్తయ్యా, ఈ సంచి కొన్నాళ్ళు డిక్కీలో పెడదామా? వాసన పడట్లేదు నాకు."

"పెళ్ళై వచ్చినప్పట్నించీ పడిన వాసన ఇప్పుడు పడట్లేదా!" అని అత్తగారు ఆశ్చర్యంగా చూసింది. కోడలికి నెల తప్పిందేమోనని ఆవిడ మొహం ఒక్కక్షణం వెలిగింది. కోడలు సిగ్గుపడి, అదేం కాదని చెప్పాల్సి వచ్చింది. సంచి కారు ముందువైపు డిక్కీలోకి వెళ్ళింది. తలనొప్పి ఎక్కడికీ వెళ్ళలేదు.

ఆ వారంలోనే ఇంట్లో పరదాలకని పొడుగాటి గొట్టం ఒకటి కొన్నారు. కారులో పట్టక, కోడలి వైపు కిటికీలోంచి సగం బయటికి పెట్టారు. దారంతా చలిగాలి. కోడలు పళ్ళు టకటకలాడిస్తూ గొట్టం పట్టుకుని కూర్చుంది. ఇంటికొచ్చాక అత్తగారు వంటింట్లోకి నేరుగా వెళ్ళి, వెతుక్కోకుండా పాల గిన్నె తీసి పొయ్యి మీద పెట్టింది. కోడలు తల తడుముకుంది. నొప్పి లేదు.

కిటికీ! కిటికీ తెరిస్తే బాగుంది. అంటే లోపల ఉన్నదేదో బయటికి పోయింది. ఏమిటది? పాత కారులో పెట్రోలు వాసన, నూనె వాసన ఎప్పుడూ ఉండేవే. కొత్తగా ఏమీ కనిపించదే!

మర్నాడు అద్దాల గదిలో మొక్కల మధ్య తిరుగుతూ ఆమె ఇదే ఆలోచిస్తోంది. మొక్కలకు చలి తగలకుండా అక్కడ గ్యాసు హీటర్లు వెలుగుతుంటాయి. గోడ మీద అరచేయంత తెల్లటి డబ్బా ఒకటి ఉంది. రోజూ చూసేదే. ఎప్పుడూ అడగలేదు.

"ఇదెందుకండీ?" అంది మేనేజరుతో.

"హీటర్లు సరిగ్గా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగుండదు, వాసనుండదు. ముందు తలనొప్పి, తర్వాత మత్తు, ఏం చేస్తున్నామో తెలీదు. ఎక్కువైతే ప్రాణమే పోతుంది. అది వస్తే ఈ డబ్బా అరుస్తుంది."

కోడలి చేతిలో ఉన్న గొట్టంలోంచి నీళ్ళు పాదాల మీదే పారుతున్నాయి. ఆమె గమనించలేదు.

"నాకు ఇలాంటిది ఒకటి ఇస్తారా? రేపు తెచ్చేస్తాను."

విషయం విన్నాక మేనేజరు కొట్టుగదిలోంచి కొత్తది తీసిచ్చాడు. "అరిచిందంటే ఇంక పరీక్షలొద్దమ్మా. వెంటనే ఆపి, దిగిపోండి," అన్నాడు.

సాయంత్రం కారెక్కుతూనే కోడలు డబ్బాను ఒళ్ళో పెట్టుకుంది.

"ఏమిటే అది?"

"కాపలా. మీరు పోనివ్వండి అత్తయ్యా. మీట పైకే ఉంచండి."

కూరగాయల మార్కెట్టు దాటారు. ఏమీ లేదు. బస్సుల డిపో దాటారు. తన ఊహ తప్పేమోనని కోడలికి నిరుత్సాహం కూడా కలిగింది. వంతెన ఎక్కబోతుండగా ఆ డబ్బా ఒక్కసారిగా గుండెలదిరేలా అరిచింది.

"అత్తయ్యా, ఆపండి! ఇంజను కట్టేయండి! దిగండి!"

ఇద్దరూ రోడ్డు పక్కన తలుపులు బార్లా తెరిచి, చలిలో నిలబడ్డారు. "కొత్తది కదా, పాడైపోయి ఉంటుంది," అంది అత్తగారు. బయటి గాలికి డబ్బా దానంతట అదే నోరు మూసుకుంది. కోడలు ఊపిరి సర్దుకుని, మేనేజరు చెప్పినదంతా చెప్పింది. అత్తగారు తన కారు వంక తిరిగి చూసింది.

ఇక ఆ రోజు కారు నడవలేదు. కొడుకు వచ్చి ఇద్దర్నీ తిన్నగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. రక్తంలో ఆ వాయువు జాడ ఇద్దరికీ కనిపించింది. అత్తగారికి ఎక్కువ. ఎక్కువ దూరం నడిపేది ఆవిడే.

మర్నాడు మెకానిక్ కారును ఎత్తిపెట్టి కిందికి దూరాడు. అత్తాకోడళ్ళిద్దరూ వంగి చూశారు. ఇంజను పొగ పోయే గొట్టం చుట్టూ రేకు తొడుగు ఒకటి ఉంది.

"ఫ్యాను గాలి ఈ తొడుగులోకి వస్తుంది, వేడి గొట్టాన్ని తాకి వెచ్చబడి మీ కాళ్ళ దగ్గరికొస్తుంది. గొట్టం బాగున్నంతకాలం పొగ వేరు, గాలి వేరు." అతను తొడుగు విప్పి, గొట్టాన్ని స్క్రూడ్రైవరుతో పొడిచాడు. అది అటుకుల్లా రాలి, స్క్రూడ్రైవరు లోపలికి దిగిపోయింది. "తుప్పు. ఇప్పుడు రెండూ ఒకటే. పోయినేడు నేనే చూడాల్సింది. పైనుంచి బాగానే ఉందని వదిలేశాను. తప్పైపోయిందమ్మా."

అత్తగారు ఆ మాట పట్టించుకోలేదు. కోడలి చెయ్యి పట్టుకుంది.

"అంటే, నా బుర్ర బాగానే ఉందంటావా?"

"ఉందత్తయ్యా. డాక్టరు మళ్ళీ ఒకసారి చూస్తానన్నారు. కానీ మీకు మీ అమ్మగారిలా కాదు."

ఆవిడ నిటారుగా నిలబడి, మొహం అటు తిప్పుకుని, కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. తుడవాల్సినదానికంటే ఎక్కువసేపే తుడిచింది.

కొత్త గొట్టాలు, తొడుగులు తెప్పించి బిగించేసరికి సగం చలికాలం గడిచింది. అన్నాళ్ళూ కొడుకే ఇద్దర్నీ దింపి వచ్చాడు. అమ్మేద్దామన్న మాట మళ్ళీ ఎత్తలేదు. తల్లి మాత్రం ఊరుకుంటుందా? "ఒరే, నీ దుకాణంలో నాకేమైనా మతి వచ్చే అద్దాలుంటే పెట్టరా," అని దారంతా ఆటపట్టించేది. అతను నవ్వలేక, ఏడవలేక స్టీరింగు తిప్పేవాడు.

ఒక మధ్యాహ్నం గ్రంథాలయంలో ఒక ఫొటోగ్రాఫరు పాత పత్రిక సంచికలు బైండుకిచ్చి, మాటల్లో తనకూ అలాంటి కారే ఉందన్నాడు.

"మంచి బండండీ. మా ఆవిడ అయితే ఎక్కీ ఎక్కగానే నిద్రపోతుంది. అంత హాయి!"

అత్తగారి చేతిలో కుంచె ఆగిపోయింది.

"చలికాలంలోనేనా?" అంది.

అతను ఆలోచించాడు. "అవునండీ. ఎందుకు?"

ఆవిడ అప్పటికే జిగురు మూత బిగించి, కోడలికి ఫోను కలుపుతోంది.